ఒకటో పాయింటు

తొందరమ్మ మోకాలిలోతు నీళ్ళలో వంగి సీసా ముంచుతూ ఉండగా ఒడ్డుమీంచి బకెట్టెడు రంగునీళ్ళు వచ్చి ఆమె పక్కనే పడ్డాయి. ఎర్రరంగు వాగులో విచ్చుకుని, ఆమె కాళ్ళచుట్టూ ఒకసారి తిరిగి, దిగువకు జారిపోయింది.

"చూడలేదమ్మా" అంది ఒడ్డుమీది ఆవిడ. చూసే పోసిందని మొహమే చెబుతోంది.

ఆవిడ చేతులు మోచేతులదాకా నీలం. ఎంత తోమినా వదలని నీలం. వాగు పొడుగునా ఉన్న పదకొండు అద్దకం షెడ్లకీ ఆవిడే పెద్దదిక్కు. అందరూ నీలిచేతులావిడ అనే అంటారు.

"వారం వారం సీసాలు నింపుకెళ్తున్నావు. మీ ఇంట్లో కుళాయి లేదా?"

షెడ్డు చూరు కింద తడిబట్టలు పిండుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"నేను పరీక్ష చేస్తానంతే పెద్దమ్మా. మిమ్మల్ని లేపెయ్యడానికి రాలేదు."

"పరీక్ష నువ్వు రాస్తావు, ఫెయిలయ్యేది మేము. తెలీదనుకున్నావా?"

తొందరమ్మ మళ్ళీ వంగింది. సీసాను నీళ్ళలో అడ్డంగా పడుకోబెట్టి, బుడగ మిగలకుండా నిండనిచ్చి, నీళ్ళలోనే గాజుమూత బిగించి పైకి తీసింది. తొందరమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. కాలేజీలో చేరిన వారానికే ల్యాబులో ఒక గాజుగొట్టం విరగ్గొడితే మేడం పెట్టిన పేరు. ఆ తరవాత ఆమె ఒక్క సామాను పగలగొట్టింది లేదు, ఒక్క కొలతనూ రెండోసారి చూసుకోకుండా పుస్తకంలోకి ఎక్కించింది లేదు. ఇప్పుడు మూడో సంవత్సరం. పేరు మాత్రం బంకలా అంటుకుపోయింది.

ఒడ్డుకొచ్చి బండమీద చతికిలబడింది. సన్నటి గొట్టాన్ని సీసా అడుగుదాకా దింపి మొదటి మందు వదిలింది, తరవాత రెండోది. మూత బిగించి సీసాను తలకిందులు చేసింది, నిలబెట్టింది, మళ్ళీ తలకిందులు చేసింది. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆ రంగు ఎంత ముదిరితే నీళ్ళలో అంత ప్రాణం ఉన్నట్టు. ఏమీ లేకపోతే మడ్డి తెల్లగా, విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా తేలుతుంది. షెడ్ల దగ్గరి సీసాలో తెల్లగా తేలింది. అంతకుముందు దిగువన చెరువులో కలిసేచోట పట్టిన సీసాలోనూ దాదాపు అంతే. అది అందరూ అనుకున్నదే.

పెట్టె చంకన పెట్టుకుని ఆమె ఎగువకు నడిచింది. షెడ్లకు పైన, కాలిబాట వంతెన కింద ఒకటో పాయింటు. అక్కడి నీళ్ళలో రంగు లేదు, చూపుకు తేటగానే ఉంటాయి. వంగి సీసా నింపింది. మందులు వేసింది. తిప్పింది. ఎండకు ఎదురుగా పట్టుకుంది.

తెలుపు.

ఇది వరసగా నాలుగో వారం. రెండో వారం మందులే పాడయ్యాయనుకుని కొత్తవి కలుపుకుంది. మూడో వారం సీసాలు మార్చింది. ఇక మార్చడానికేమీ మిగల్లేదు. పుస్తకం తీసి తేదీ వేసి, ఒకటో పాయింటుకు ఎదురుగా సున్నా రాసి, అలవాటుగా మళ్ళీ ఒకసారి సీసా వైపు చూసి, పుస్తకం మూసింది.

మేడం గదిలో గోడనిండా వాగు పటం. పటంమీద గుండుసూదులు గుచ్చి, వాటిమధ్య నీలం దారం లాగారు. ఆ దారం కింద కూర్చునే మేడం ఇరవై ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. నీళ్ళ పరీక్షల్లో ఆమె చేతికి తిరుగులేదని పక్క కాలేజీలవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

"శుక్రవారం మునిసిపల్ ఇంజనీరు వస్తున్నాడు" అన్నారు మేడం తల ఎత్తకుండానే. "రిపోర్టు తయారైంది. చదువుకుని సంతకం పెట్టు. నమూనాలు తీసినవాళ్ళ సంతకం ఉండాలి."

తొందరమ్మ నిలబడే చదివింది. మూడో పేజీలో పట్టిక, లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉందో చెప్పేది. చెరువు దగ్గరి మూడో పాయింటు, సున్నా పాయింటు నాలుగు. షెడ్ల దగ్గరి రెండో పాయింటు, సున్నా. ఒకటో పాయింటు, ఆరు పాయింటు రెండు. పట్టిక కింద ఒక వాక్యం ఉంది: 'షెడ్లకు ఎగువన ఆరోగ్యంగా ఉన్న వాగు కేవలం షెడ్ల వ్యర్థజలాల వల్లనే నిర్జీవమగుచున్నది. కావున వాటిని తక్షణమే తొలగించవలెను.'

ఆమె వేలు ఆ అంకె దగ్గరే ఆగిపోయింది.

"మేడం, ఈ ఆరు పాయింటు రెండు నాది కాదండి."

"తెలుసు. నాది." మేడం కలం మూత పెట్టి బల్లమీద పడుకోబెట్టారు. "పదేళ్ళ కిందట, అదే వంతెన కింద, ఏడాది పొడుగునా వారం వారం తీసిన సగటు. అప్పుడు నువ్వు ఎక్కాలు బట్టీ పడుతున్నావు."

"ఇప్పుడు సున్నా వస్తోందండి. నాలుగు సార్లు చూశాను."

"నాలుగుసార్లు తప్పు చేస్తే ఒప్పయిపోతుందా?"

"మందులు మార్చానండి. సీసాలు కూడా..."

"పైనేముందని సున్నా వస్తుందే? షెడ్లు లేవు, ఇళ్ళు లేవు. పైనున్నది మన కాలేజీ." ఆ మాటలో ఇసుమంత అనుమానం కూడా లేదు. మన ఇల్లు అన్నంత ధీమాగా అన్నారు.

"మీరు ఒక్కసారి వచ్చి చూస్తే..."

మేడం కుర్చీ వెనక్కి జరిపారు. "నీకు గాజు పట్టుకోవడం నేర్పింది నేను. ఇప్పుడు నువ్వు నన్ను వాగుదాకా నడిపించి పాఠం చెబుతావా? డిగ్రీ చదివేవాళ్ళలో ఎవరి పేరు ఇంతవరకు నా పేరు పక్కన అచ్చయింది? నెత్తిన పెట్టుకోవాల్సింది పోయి పేచీ పెడుతున్నావు. గురువారం సాయంత్రానికి సంతకం పడాలి. నీకు కుదరకపోతే కుదిరేవాళ్ళు పదిమంది ఉన్నారు."

తొందరమ్మ రిపోర్టు పట్టుకుని తలుపుదాకా వెళ్ళాక వెనకనుంచి వినిపించింది. "అంకె రాగానే సంబరపడి రాసెయ్యడం కాదు. ఆ అంకె అక్కడ ఎందుకుంటుందో చెప్పగలగాలి. అది చేతకానప్పుడు నోరు మూసుకోవాలి."

కోపంతో అన్నదే అయినా, ఆ మాటలో పాఠం ఉంది. మర్నాడు క్లాసులయ్యాక తొందరమ్మ వంతెన దగ్గర ఆగకుండా ఇంకా పైకి నడిచింది. దారి లేదు. ముళ్ళకంపల్లో గీరుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని, అరగంట నడిచేసరికి కాలేజీ వెనక గోడ వచ్చింది. గోడ అవతల ఆరేళ్ళ కిందట కట్టిన హాస్టలు. గోడ అడుగున సిమెంటు తూము ఉంది. అందులోంచి బూడిదరంగు నీళ్ళు, సబ్బునురగ, వాటితోపాటు ముక్కుపుటాలు మండించే వాసన. వంతెన చేరేలోపు ఆ మడ్డి అడుగుకు దిగి, నురగ చెదిరి, నీళ్ళు పెద్దమనిషిలా తేటపడి కనిపిస్తాయి.

గోడవెనక ఇనపచక్రం కిర్రుమంది. తూములో నీళ్ళ ఉరవడి పెరిగింది. గోడ విరిగినచోట రాళ్ళమీద కాలు మోపి ఆమె తొంగిచూసింది.

చక్రం తిప్పుతున్నది బావ.

తొందరమ్మ ఉంటున్నది ఆ అక్కాబావల ఇంట్లోనే. బావ హాస్టల్లో పంపులు చూసుకుంటాడని ఆమెకు తెలుసు. ఏ పంపులో ఎప్పుడూ అడగలేదు.

"నువ్వెందుకొచ్చావిక్కడికి?" బావ చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇది వాగులోకి పోతోంది బావా."

"పోదూ మరి? శుద్ధి తొట్టికి నీళ్ళెక్కించే మోటారు కాలిపోయి పద్నాలుగు నెలలు. ఈ గేటు తియ్యకపోతే మొత్తం హాస్టలు బాత్రూముల్లోకి తన్నుకొస్తుంది. తియ్యమన్నారు, తీస్తున్నాను."

"ఎవరన్నారు?"

"నోటితో అన్నారు. నోటితో అన్నదానికి సంతకముంటుందా?" అతని చూపు ఆమె చేతిలోని సీసామీద పడింది. "అది కింద పెట్టు."

ఆమె రాళ్ళమీంచి దిగి, తూము ముందు కూర్చుని సీసా నింపింది. మందులు పడీపడగానే తెల్లగా విరిగిపోయింది. తల ఎత్తి చూస్తే గోడ సందులో బావ మొహం ఇంకా అక్కడే ఉంది. అతని కళ్ళలో అంత కోపం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నువ్విక్కడికి రాలేదు. ఏమీ చూళ్ళేదు" అన్నాడు. "వెళ్ళు."

ఇంటికొచ్చేసరికి అక్క కుట్టుమిషను తొక్కుతోంది. రెండు గదుల ఇల్లు. ముందుగదిలో సగం మిషనుకు, సగం తొందరమ్మ పుస్తకాలకు. బడిపిల్లల చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. మిషను ఆగలేదు.

"బావ చెప్పారు" అంది అక్క. "ఆ సీసాలు ఇంక మా గుమ్మం తొక్కకూడదు."

"అక్కా, నేను రిపోర్టుమీద సంతకం పెడితే ఆ షెడ్లలో నలభైమంది ఆడవాళ్ళు..."

"వాళ్ళు నీకు పిన్నులా, అత్తలా?"

"వాళ్ళని లేపేస్తారు. వాళ్ళకంటే ముందే చచ్చిన నీళ్ళకి వాళ్ళని..."

అక్క కాలు ఆగింది. సూది గుడ్డలోనే ఉండిపోయింది. "నిన్ను చదివిస్తున్నదెవరే? ఆ గేటు తిప్పే చేతులే. రేపు గొడవైతే ఏమవుతుందో చెప్పనా? తిప్పమన్నవాళ్ళకి కుర్చీలు మారతాయి. తిప్పినవాణ్ణి ఇంటికి పంపిస్తారు. మా పొట్ట కొట్టడానికా నీకు సైన్సు?"

బావ గోడవైపు తిరిగి అన్నం తింటున్నాడు. తినడం పూర్తయ్యాక కంచం చేత్తో పట్టుకుని లేచి, ఆమె పక్కనుంచి వెళ్తూ రెండు మాటలన్నాడు.

"సంతకం పెట్టెయ్."

గురువారం సాయంత్రం మేడం గదిలో ఎవరూ లేని సమయం చూసి తొందరమ్మ రిపోర్టును బల్లమీద పెట్టింది. సంతకం చెయ్యలేదు. చెయ్యనని చీటీ రాయడానికి కలం తీసి, ఏమి రాయాలో తోచక, మళ్ళీ జేబులో పెట్టుకుంది. అంతకు మించి ధైర్యం రాలేదు.

శుక్రవారం పదింటికి వంతెన పక్కన బల్ల వేశారు. దానిమీద తెల్లటి గుడ్డ, నీళ్ళజగ్గు, నాలుగు గ్లాసులు. కుర్చీలు మోసుకొచ్చినవాళ్ళలో బావ ఉన్నాడు. కాలేజీకి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే పంపులవాళ్ళూ తోటపనివాళ్ళూ కుర్చీలు మోయాల్సిందే. అతను తొందరమ్మను చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

ఇంజనీరు ముభావంగా ఉండే మనిషి. వచ్చీరాగానే గడియారం చూసుకున్నాడు. షెడ్ల ఆడవాళ్ళంతా పని ఆపి వచ్చి వాగు అంచున నిలబడ్డారు. ముందు వరసలో నీలిచేతులావిడ, చేతులు కట్టుకుని.

"సంతకం లేదేం?" అని మేడం పళ్ళబిగువున అడిగారు.

"నేను తీసిన అంకె కాదండి."

"సరే. అంకె ఎలా తీస్తారో చూద్దువుగాని." మేడం ఇంజనీరు వైపు తిరిగి గొంతు మార్చారు. "మీ ఎదుటే పరీక్ష చేసి చూపిస్తాను. ఎగువ నీళ్ళు ఎలా ఉన్నాయో మీ కళ్ళతోనే చూడండి. ఆ తరవాత షెడ్ల దగ్గరికి వెళదాం."

చెప్పులు విప్పి, యాభై ఏడేళ్ళ మేడం తడబడకుండా నీళ్ళలోకి దిగారు. సీసా పడుకోబెట్టిన తీరు, ఒక్క బుడగ లేకుండా మూత తిప్పిన తీరు చూస్తూ తొందరమ్మ ఒక్క క్షణం అంతా మరిచిపోయింది. ఆ చేతుల్ని చూసే ఆమె ఈ చదువులో చేరింది. మేడం ఒడ్డెక్కి మందులు వేశారు. సీసాను తిప్పారు. ఇంజనీరుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు.

తెల్లటి ముక్కలు మెల్లగా కిందకు దిగుతున్నాయి.

"ఇలా ఉంటే మంచిదా, చెడ్డదా?" అడిగాడు ఇంజనీరు.

మేడం సీసాను మళ్ళీ తిప్పారు. ఇంకోసారి తిప్పారు. "మందులు పాడైనట్టున్నాయి" అన్నారు చివరికి. "కలిపింది మా తొందరమ్మ. పేరు ఊరికే రాలేదు."

ఇంజనీరు నవ్వాడు. అతని వెనక ఉన్నవాళ్ళూ నవ్వారు. "అయితే రిపోర్టులో ఉన్నదే తీసుకుందాం" అంటూ అతను కాగితాలకోసం చెయ్యి చాపాడు.

తొందరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. పెట్టెలోంచి ఖాళీ సీసా తీసింది. బల్లమీది నీళ్ళజగ్గు వంచి, నీళ్ళు అంచువెంట జారేలా నెమ్మదిగా నింపింది. అవే మందులు, అదే గొట్టం. మూత బిగించి తిప్పి, తెల్లసీసా పక్కన, తెల్లగుడ్డమీద నిలబెట్టింది.

చిక్కటి గోధుమరంగు మడ్డి గుంపులు గుంపులుగా అడుక్కి దిగింది.

"మందులు బాగానే ఉన్నాయండి" అంది.

నవ్వులు ఆగిపోయాయి. నీలిచేతులావిడ ఎవరూ పిలవకుండానే బల్లదాకా వచ్చి వంగి చూసింది. "ఈ తెల్లది ఎక్కడి నీళ్ళు?"

"ఈ వంతెన కిందివి పెద్దమ్మా."

"మా షెడ్లవి కావా?"

"కావు. మీకంటే పైవి."

ఆవిడ వెనక్కి తిరిగి చేతులెత్తింది. "విన్నారటే! మనకంటే పైవంట!" ఒడ్డంతా గోలెత్తిపోయింది. "అయితే మా తప్పేమీ లేదని రాయి. ఇప్పుడే రాయి."

"అలా రాయలేను. మీ దగ్గరా సున్నానే. మీ రంగునీళ్ళు గుంటలో తేరనియ్యకుండా వదిలితే, పైనుంచి మంచినీళ్ళొచ్చినా మీ దగ్గర చచ్చిపోతాయి."

ఆవిడ మొహం మాడిపోయింది. "ఎవరి పక్షానివే నువ్వు?"

జవాబు చెప్పే లోపు ఇంజనీరు అడ్డొచ్చాడు. ఇప్పుడతను గడియారం చూసుకోవడంలేదు. "పైనుంచి వస్తున్నదేమిటి?"

"పైన మా కాలేజీ తప్ప ఏమీ..." అని మేడం ఆగిపోయారు.

"నమూనాలు తీసింది నువ్వేగా? నీకు తెలుసా?"

తెలుసు. తొందరమ్మ కళ్ళు కుర్చీల వైపు వెళ్ళాయి. బావ ఒక కుర్చీ వీపు పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. వేళ్ళకు ఇంకా గ్రీజు ఉంది. నలభైమంది ఆడవాళ్ళు, ఇంజనీరు, మేడం, అందరూ తన నోటివైపే చూస్తున్నారు. ఆమె నోరు తెరిచింది. తిప్పినవాణ్ణి ఇంటికి పంపిస్తారన్న అక్క మాట అడ్డొచ్చింది. నాలుగు వారాలుగా వచ్చిన అంకెను వచ్చినట్టే రాసిన మనిషికి ఒక్క మాట రాలేదు.

"తెలీదా?" అన్నాడు ఇంజనీరు.

"ఆ అమ్మాయిని అడుగుతారేంటండీ" అన్న గొంతు విని ఆమె ఉలిక్కిపడింది. బావ కుర్చీ వదిలి ముందుకొచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా, సీసాలతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "అది హాస్టలు మురుగు. రోజూ పొద్దునా సాయంత్రం గేటు తీసేది నేనే. మోటారు కాలి పద్నాలుగు నెలలు. బాగు చెయ్యమని రిపేర్ల పుస్తకంలో పదకొండుసార్లు రాశాను. తేదీలతో సహా ఉంది. రండి, చూపిస్తాను."

అతను ముందు నడిచాడు. వెనక ఇంజనీరు, ఆ వెనక ఆడవాళ్ళు ముళ్ళకంపలు తొక్కుకుంటూ కదిలారు. మేడం చిట్టచివర, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, తెల్లసీసా చేత్తో పట్టుకుని నడిచారు.

సోమవారానికి మూడు ఉత్తర్వులు వచ్చాయి. షెడ్ల తొలగింపు ఆపి, మూడు నెలల్లో రంగునీళ్ళకు గుంటలు తవ్వుకోమన్నారు. శనివారమే మూయించిన తూము తెరవకుండా, మోటారు బిగించేదాకా హాస్టలు మురుగును ట్యాంకర్లతో తోడించమన్నారు. మూడోది బావ పేరుమీద వచ్చింది. విచారణ ముగిసేవరకు పనిలోకి రావద్దని. గేటు తియ్యమని నోటితో చెప్పినవాళ్ళ పేరు ఏ ఉత్తర్వులోనూ లేదు.

మేడం కబురు చేస్తే తొందరమ్మ వెళ్ళింది. పటం కింద మేడం పట్టిక తిరగరాస్తున్నారు. ఆరు పాయింటు రెండు మీద ఒక్క అడ్డగీత, పక్కన తేదీ, సంతకం. దాని పైన సున్నా.

"ప్రిన్సిపాల్ దగ్గర నాకు తల కొట్టేసినట్టయింది" అన్నారు మేడం. "నలుగురిలో నిలబెట్టి జగ్గునీళ్ళతో నా మొహం కడిగావు. నా గదికి వచ్చి చెప్పలేకపోయావా?"

"చెప్పానండి."

మేడం కలానికి మూత పెట్టారు. "చెప్పావు" అన్నారు. తరవాత రిపోర్టు మొదటిపేజీ ఆమెవైపు తిప్పారు. మేడం పేరు పక్కన ఉన్న పేరుమీద కూడా ఒక గీత ఉంది. "నీ పేరు తీసేస్తున్నాను. అంకె ఉంచుతున్నాను. నిన్ను ల్యాబులో చూస్తూ నేను పనిచెయ్యలేను. ఆ మందులూ సీసాలూ పట్టుకుపో. ఇక్కడ వాటితో ఎవరికీ పనిలేదు."

ఇంట్లో మిషను గడగడలాడుతోంది. అక్క మూడు రోజులుగా ఆమెతో మాట్లాడడం మానేసింది. కంచం పెట్టినప్పుడు చప్పుడుతోనే చెప్పాల్సిందంతా చెబుతోంది. పట్టపగలు ఇంట్లో ఏంచెయ్యాలో తెలియని బావ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పెట్టెతో వచ్చిన తొందరమ్మను చూసి కాళ్ళు పక్కకు జరిపాడు.

"ఎందుకు చెప్పారు బావా?" ఇన్ని రోజులూ అడగలేకపోయిన మాట అడిగింది.

"నువ్వు చెప్పేస్తావనుకున్నాను. చెబితే నిన్ను జన్మలో క్షమించకూడదనుకున్నాను." బావ చేతివేళ్ళు చూసుకున్నాడు. "నువ్వు నోరు మూసుకునేసరికి, నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు."

మళ్ళీ తనే అడిగాడు. "గేటు మూసి రెండు రోజులైందిగా. ఆ తెల్లది రంగు తిరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"తెలీదు. కొలుస్తూ ఉండాలి."

బావ లేచి ఆమె చేతిలోని పెట్టె అందుకున్నాడు. మిషను మీంచి అక్క అరిచింది. "ఎక్కడికి? ఉద్యోగం ఊడింది చాలదా, ఇంక వాగులో దూకడమొకటి మిగిలిందా?" అప్పటికే ఇద్దరూ గుమ్మం దాటారు.

వాగు దగ్గర షెడ్లవాళ్ళు గుంట తవ్వుతున్నారు. నీలిచేతులావిడ పార ఆపి, వాళ్ళు దాటిపోయేదాకా మిర్రిమిర్రి చూసి, నేలమీద ఉమ్మి, మళ్ళీ తవ్వుకుంది.

వంతెన కింద తొందరమ్మ సీసా నింపుకొచ్చి బండమీద కూర్చుంది. బావ గొంతుకూర్చుని మందుసీసాలు ఒక్కొక్కటి అందించాడు. ఆమె మూత బిగించి తిప్పింది. ఇద్దరూ సీసాకేసి చూస్తూ ఉండిపోయారు.

"తెల్లగానే ఉంది" అన్నాడు బావ.

"తెల్లగానే ఉంది."

ఆమె పుస్తకం తీసి, తేదీ వేసి, సున్నా రాసింది.

"మళ్ళీ ఎప్పుడు?"

"వారానికోసారి."

"అయితే సోమవారం" అని బావ సీసాల్ని వేటి అరల్లో వాటిని సర్ది, పెట్టె మూత వేశాడు.